మిగులు తూటాలు

మృగశిర కార్తె, మంగళవారం

ఇవాళ పేలినవి రెండు. ఒకటితో అయిపోవాల్సింది.

చింతలవారి ముసలమ్మ పోయి మూడో రోజు. ఆవిడ తోడు శ్మశానం మీద తాటిచెట్టంత ఎత్తున నిలబడి, ఆవిడ గొంతుతోనే "ఇక్కడున్నాను, ఇక్కడున్నాను" అని మూడు రోజులుగా పిలుస్తోంది. గుప్పెడంత యంత్రం, గొంతు మాత్రం ఊరంత. నీళ్ళొచ్చిన ఏళ్ళలో ఎవరైనా మునిగితే పదిమందికీ తెలియాలని సర్కారు వాళ్ళు మనిషికొకటి చొప్పున నెత్తి మీదే ఎగురుతుండేలా కట్టారు. మనిషి ఊపిరి ఆగితే ఆ మనిషి గొంతుతో కేకేస్తుంది. ఆగిన ఊపిరి మళ్ళీ రాదని దానికెవరూ నేర్పలేదు. ఎండ తిని బతికే వస్తువు కనక, దించకపోతే మనవల కాలం దాకా పిలుస్తూనే ఉంటుంది. రాయి విసిరితే తప్పుకుంటుంది, వల విసిరితే పైకి పోతుంది. చెదిరి పడే సన్నగుళ్ళ తూటాని మాత్రం తప్పుకోలేదు. అందుకని మూడో రోజున దగ్గరివాళ్ళెవరో తుపాకి పట్టి తోడు దించుతారు. దించాకే స్నానాలు, దించాకే అన్నం, దించాకే ఆ మనిషి పోయినట్టు లెక్క.

పెద్దకొడుకు మొదటి తూటా ఆకాశానికి అర్పించాడు. రెండోది నన్నడిగాడు.

"పొద్దున్న రేటుకే ఇవ్వు పిన్నీ."

"పొద్దున్న నువ్వు గురి చూసి కొడతావనుకున్నాను నాయనా."

నలుగురూ నవ్వారు. వాడూ నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూనే. రెండో దెబ్బకి ముసలమ్మ గొంతు ఆగింది.

తుపాకి ఉన్న ఇంట్లో ఇలా రోజువారీ చిట్టా రాయాలన్నది మెరకపేట కట్టుబాటు. మా ఆయన గవర్రాజు గారి చేతిరాత కోడి గెలికినట్టుంటుంది కనక రాత నాది, సంతకం ఆయనది. మా ఇంట్లో మిగతా పనులూ అలాగే నడుస్తాయి.

మృగశిర, శనివారం

ఉత్తరం నుంచి తూటాలు తెచ్చే లాంచీ ఈ ఏడు కూడా రాలేదు. బజారులో తూటాల కొట్టు మూసేశారు. దాంతో ఊరందరికీ మా గుమ్మం గుర్తొచ్చింది.

సముద్రం పల్లాన్ని మింగినప్పుడు జనం బిందెలూ మంచాలూ పడవల్లో వేసుకుని ఈ కొండ మీదికొస్తే, మేమిద్దరం తూటాల పెట్టెలు మోసుకొచ్చాం. పల్లంలో ఉన్నప్పుడు మాది తుపాకుల క్లబ్బు. గాల్లోకి విసిరిన మట్టి పళ్ళేలని కొట్టడం మా ఆట. ఆయనా నేనూ కలిసింది అక్కడే. ఆయన ఒక్కసారైనా నన్ను గెలిచింది లేదు, గెలిచానని మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పెట్టెలు చూసి అప్పట్లో అందరూ నవ్వారు. "మొగుడూ పెళ్ళాలు తూటాలు వండుకు తింటారా" అన్నారు. ఇప్పుడు అక్షరాలా అదే తింటున్నాం. కుంచెడు బియ్యం పలికే తూటా ఈ వారం మూడు కుంచాలు పలుకుతోంది.

పాతవాటిలో కొన్ని చెమ్మకి ఉబ్బాయి. తుపాకిలో పెడితే ఇరుక్కుంటాయి. అవి అమ్మను. మూడో రోజున తూటా తుస్సుమంటే ఆ ఇంటివాళ్ళ ఉసురు నాకు తగులుతుంది. బేరం బేరమే, పాపం పాపమే.

ఆరుద్ర, శుక్రవారం

చావు లేని ఇళ్ళవాళ్ళు కూడా కొంటున్నారు. బతికున్న అత్తగారి కోసం కోడలు ముందే కొనిపెట్టుకుంటోంది. ఒకావిడ అత్తగారిని వెంటబెట్టుకునే వచ్చింది. ఆ పెద్దావిడ తూటాలన్నీ చేత్తో తిప్పి చూసి "ఇది బాగుందే" అని తనకి తనే ఒకటి ఏరుకుంది. నాకు నవ్వొచ్చింది, వాళ్ళు వెళ్ళాక మాత్రం పెట్టె మూత వేసేశాను.

కొనలేని వాళ్ళ తోడులు శ్మశానం మీద అలాగే ఉండిపోతున్నాయి. సాయంత్రం గాలి ఇటు తిరిగితే అన్నీ ఒక్కసారి వినబడతాయి. అవి తమ మనిషిని పాతిపెట్టిన చోటు వదిలి జానెడు దూరం కూడా కదలవు. అందరూ తెలిసినవాళ్ళే. కిందటేడు దాకా నాకు పాలు పోసిన మనిషి గొంతు వినబడితే గిన్నె పట్టుకుని లేచి, మళ్ళీ కూర్చున్నాను.

పేలిన తూటాల ఖాళీ గొట్టాలు ఏరుకొచ్చి తిరిగి నింపుదామంటే మందుంది, గుళ్ళు పోసుకోవచ్చు, అట్టబిళ్ళలు కత్తిరించుకోవచ్చు. అడుగున పేలే క్యాపులే లేవు. పల్లంలో మా క్లబ్బు మేడ మీద ఇనప బీరువా నిండా ఉన్నాయి, నీళ్ళు మేడ దాకా ఎక్కలేదని చేపల వేటకి పోయేవాళ్ళు చెబుతారు.

"పోయి తెండి" అన్నాను.

"వానల్లో పల్లానికా? ఉన్నవి అమ్ముకుందాం లేవే" అన్నారు ఆయన.

"దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. లాంచీ వచ్చిందంటే మన తూటా మొహం ఎవరూ చూడరు."

ఆయన లేచి సంచీ వెతుక్కున్నారు. నేను రేటు గురించి ఆలోచిస్తున్నానని ఆయనకి తెలుసు, తెలుసని నాకూ తెలుసు.

ఆరుద్ర, ఆదివారం

తెల్లారి బయల్దేరారు. పడవ తాతారావుది. పల్లం నీళ్ళలో ఏ గోడ ఎక్కడ మునిగి ఉందో వాడికి బాగా తెలుసు. వాడి భార్య నూకరత్నం గట్టు దాకా వచ్చి ఇద్దరికీ అటుకుల మూట ఇచ్చింది.

"మా ఓడికి నీళ్ళంటే బయం లేదక్కా, అదే నా బయం" అంది.

"మా ఆయనకి భయమే. ఇద్దరూ కలిస్తే సరిపోతుంది" అన్నాను.

పడవ మీద రెండు తోడులు పక్కపక్కనే ఎగురుతూ వెళ్ళాయి. కనుమరుగయ్యేదాకా చూశాను.

పునర్వసు, గురువారం

రెండూ ఒంటరిగా తిరిగొచ్చాయి.

మధ్యాహ్నం చింతపండు పిసుకుతుంటే గుమ్మం బయట ఆయన గొంతు. "ఇక్కడున్నాను." నేను "ఆఁ, వస్తున్నా" అంటూ చేతులు కూడా కడుక్కోకుండా పరిగెత్తాను. గుమ్మంలో ఆయన లేరు. గుమ్మం పైన ఆయన తోడు మాత్రం ఉంది.

కామేశం గారు వెంటనే వచ్చారు. దించుళ్ళ దగ్గర పెద్దరికం ఆయనదే. తలుపులూ కిటికీలూ ఆయనే వేశారు. తోడు ఒంటరిగా వస్తే మనిషి పోయినట్టే, ఇంటివాళ్ళు మూడు రోజులు బయటికి చూడకూడదు. నీళ్ళొచ్చిన ఏళ్ళలో తోడు గొంతు విని వెంటపడి వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే మునిగిపోయారట. అప్పుడు పుట్టిన మాట, "పలుకు వెంట పడకు" అని. మా ఊళ్ళో పిల్లలకి అక్షరాల కన్నా ముందు అది నేర్పుతారు.

"గట్టిగా ఉండమ్మా హైమా. నువ్వు ఎంతమంది చేత దింపించావు, నీకు చెప్పాలా" అన్నారు కామేశం గారు.

"చెప్పొద్దు. వెళ్ళండి" అన్నాను.

చీకటి గదిలో కూర్చుని రాస్తున్నాను. తోడు కిటికీ దగ్గరికొచ్చి పిలుస్తుంది. కాసేపు గట్టు వైపు పోతుంది, దూరమవుతుంది, మళ్ళీ వస్తుంది. ముప్పై ఏళ్ళు ఆ గొంతుకి బదులు పలికిన నోరు ఇది. కొంగు కుక్కుకుని కూర్చున్నాను. నేనే పొమ్మన్నాను.

పునర్వసు, శనివారం

పేలింది ఒకటి.

పెరట్లో నిలబడ్డాను. ఊరు ఊరంతా వచ్చింది. పెట్టెలోంచి అన్నిటికన్నా మంచి తూటా తీసుకున్నాను. తూటాలమ్మే ఇంట్లో ఈ ఒక్క విషయంలో లోటు ఉండకూడదనుకున్నాను. ఆయన తోడు గట్టు వైపు నుంచి వచ్చింది, నన్ను చూసి బాగా కిందికి దిగి, నా మొహానికి ఎదురుగా వచ్చి నిలబడింది. తోడు అంత కిందికి దిగడం నేనెప్పుడూ చూడలేదు. గురి చూడక్కర్లేకపోయింది. "ఇక్కడున్నా" అని సగంలో ఉండగా కొట్టాను.

తర్వాత స్నానం చేయించారు, అన్నం పెట్టారు. తిన్నాను కూడా. ఆశ్చర్యంగా ఆకలేసింది.

తాతారావు తోడు ఇంకా తిరుగుతోంది. రత్నానికి తూటా లేదు. మూడు రోజులు తలుపులు వేసుకుని కూర్చునే వీలు కూడా లేదు దానికి. గట్టు కింద ఎండబెట్టిన చేపలు వానకి తడిస్తే తిండి ఉండదు.

పునర్వసు, సోమవారం

ఉన్న తూటాలన్నీ కామేశం గారు ఊరి నిల్వ కోసం తీసుకుంటానన్నారు. ఊరి రాగుల్లో సగం పంట ఇస్తామన్నారు. క్యాపులు తెచ్చే మనిషి లేడు, ఇంక కొత్తవి రావు. ఒప్పుకున్నాను. పెట్టె రేపు తీసుకెళతారు.

సాయంత్రం రత్నం వచ్చింది. ముక్కుపుడక తీసి అరచేతిలో పెట్టుకుంది.

"ఒక్కటి ఇప్పించక్కా. మా ఓడు అలా పిలుత్తుంటే సెయ్యి ఆడట్లేదు. ఊరోళ్ళు నా సేపలు కొనట్లేదు, నా ఇంటి మీద సావుందని."

"అవి నావి కావే ఇప్పుడు. కామేశం గారికి ఇచ్చేశాను."

"పెట్టె ఇక్కడే ఉంది గదక్కా."

ఉంది. రత్నానికీ నాకూ మధ్యనే ఉంది. ఒకటి తీసిస్తే ఎవరూ లెక్క అడగరు. కాని దాని మొహం చూస్తే నాకు కోపం ముంచుకొచ్చింది. దాని మొగుడి పడవలోనే కదా మా ఆయన వెళ్ళింది. వాడికి భయం లేదని అదే కదా చెప్పింది.

"పుడకకి తూటా వచ్చే రోజులు పోయాయి. మీ వాడు పడవ సరిగ్గా నడిపి ఉంటే ఇద్దరికీ ఈ అవసరం ఉండేది కాదు" అన్నాను.

అది పుడక మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

పునర్వసు, శుక్రవారం

రత్నానికి పిచ్చెక్కిందని ఊరంతా అనుకుంటున్నారు. తాతారావు తోడు గట్టు దాటి నీళ్ళ మీదికి పోయి, మళ్ళీ రత్నం దగ్గరికే వస్తుంటుంది. చేపలు తిరగేస్తూ రత్నం రోజంతా ఆ తోడునే చూస్తుంది. పొద్దున్న పాత తెప్ప బయటికి లాగిందట.

కామేశం గారు ఊరి నిల్వలోంచి తూటా ఒకటి పట్టుకుని నా దగ్గరికొచ్చారు. "పలుకు వెంట పడుతోందమ్మా. అది మునిగితే ఆ పాపం మనదే. నువ్వే దించాలి, ఇంకెవరి గురీ నమ్మలేను" అన్నారు.

వెళ్ళాను. అప్పటికే రత్నం తెప్ప గట్టు వదిలింది. తోడు దాని ముందు, కర్ర విసిరినంత దూరంలో పోతోంది. తుపాకి ఎత్తాను. అందే దూరమే. "కొట్టమ్మా" అంటున్నారు వెనక నుంచి.

అప్పుడు గమనించాను. తోడు పిలవట్లేదు. ఎనిమిది రోజులుగా ఊరికి నిద్ర లేకుండా చేసిన గొంతు, రత్నం వెంట బయల్దేరగానే ఆగిపోయింది. కాస్త ముందుకు పోతుంది, తెప్ప వెనకబడితే ఆగుతుంది, అందుకున్నాక మళ్ళీ కదులుతుంది. ఇన్నేళ్ళుగా నేను చూసిన తోడుల్లో ఒక్కటీ ఇలా చెయ్యలేదు. చెయ్యలేదా, మేం కిటికీలు వేసుకుని చూడలేదా?

తుపాకి దించేశాను. కామేశం గారు నన్ను చూసి తల అడ్డంగా ఊపారు. తూటా ఆయనకి తిరిగి ఇచ్చేశాను. ఆ ఆలోచన చివరిదాకా ఆలోచించే ధైర్యం నాకు లేదు, ఇవాళ్టికి ఇంతే రాస్తాను.

పుష్యమి, ఆదివారం

తాతారావు బతికే ఉన్నాడు.

రత్నం తెప్ప మీద పడుకోబెట్టి తీసుకొచ్చింది. వాన నీళ్ళు తాగి, పచ్చి పీతలు తిని, ఒక సినిమాహాలు కప్పు మీద ఇన్ని రోజులు ఉన్నాడట. నేను వెళ్ళేసరికి అరుగు మీద గంజి తాగుతున్నాడు. వాడి నెత్తి మీద తోడు చప్పుడు లేకుండా ఉంది, ఏ బతికున్న మనిషి తోడైనా ఉన్నట్టే. ఊరు ఊరంతా అక్కడే ఉంది, దగ్గరికి మాత్రం ఎవరూ పోలేదు. చచ్చాడని లెక్క తేల్చిన మనిషితో ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియలేదు.

నన్ను చూసి వాడే పలికాడు.

"హైమక్కా. క్యాపులు దొరికాయక్కా. తిరిగొత్తుంటే పడవ బోల్తా కొట్టేసింది. రాజుగారు ఒక పక్కకి, నేనో పక్కకి కొట్టుకుపోయాం. ఓ గంట దాకా ఆయన కేక ఇనిపించింది. ఏదో మేడ పట్టుకున్నాననే అన్నారు. ఎటో తెలీలేదు."

"ఆయన బతికున్నారా అప్పుడు?"

"బతికుండబట్టే గదక్కా తోడు ఎల్లింది. సచ్చినోడి తోడు సచ్చినోడి దగ్గరే ఉంటాది, మన సుడుగాట్లో సూడ్డం లేదా? బతికున్నోడు ఆపదలో పడి, దగ్గర్లో ఎవరూ లేకపోతే మనుసుల్ని పిలుసుకు రాటానికి పోద్ది. రెండూ కలిసే ఇటు ఎల్లాయి, నేను సూసాను. నాది ఒచ్చేది, పోయేది. అదొక్కటే ఒచ్చినప్పుడల్లా ఏడుపొచ్చేది నాకు."

కాస్త గంజి తాగాడు. చుట్టూ చూశాడు. మా ఇంటి వైపు ఆకాశం చూశాడు.

"రాజుగారి తోడు మళ్ళీ అటు రాలేదు. ఇక్కడే ఉందనుకున్నాను. ఏదక్కా?"

రత్నం వాడి చెయ్యి పట్టుకుంది. నేను లేచి ఇంటికొచ్చేశాను.

కొట్టిన రోజు ఆయన తోడు ముక్కలు ఏరి, ఆయన చొక్కాలో మూటగట్టి అటక మీద పెట్టాను. కిందికి దించి చాప మీద పరిచాను. దారి చెప్పేది అదొక్కటే. నా గురికి ఊరంతా మెచ్చుకున్నారు. ఇందులో అతికించడానికి మిగిలింది ఏమీ లేదు.

పుష్యమి, సోమవారం

ఊళ్ళో ఈ పొద్దు ఎవరూ పొయ్యి వెలిగించలేదు. ప్రతి ఇంటికీ ఒంటరిగా వచ్చిన తోడు ఒకటైనా ఉంది, ఈ ఏడో, కిందటేడో, ఎప్పుడో. అందరూ మూడో రోజున దించినవాళ్ళే. తూటా కొనగలిగినవాళ్ళందరూ దించారు. రత్నం కొనలేకపోయింది కనక దాని మొగుడు అరుగు మీద కూర్చుని గంజి తాగుతున్నాడు.

రాత్రంతా ఆలోచిస్తే నాకు దారి ఒకటి కనబడింది. పల్లం మీద నీళ్ళొచ్చిన ఏళ్ళలో పోయినవాళ్ళ తోడులు వందల్లో ఉన్నాయి. వాటిని దించడానికి ఎవరూ పోలేదు, పగలూ రాత్రీ పిలుస్తూనే ఉంటాయి. ఆ గోలలో బతికున్న మనిషి కేక వినబడదు. కాని తుపాకి పేలితే చుట్టుపక్కల తోడులన్నీ పైకెగిరి, కొన్ని క్షణాలు నోరు మూసుకుంటాయి. శ్మశానంలో ఎన్నిసార్లో చూశాను. తూటాకి ఒక నిశ్శబ్దం కొనుక్కోవచ్చు.

ఇంటి పత్రం పట్టుకుని కామేశం గారింటికి వెళ్ళాను. అమ్మిన తూటాలు తిరిగి కొనాలంటే రేటు పెరిగి ఉంటుంది కదా. రేట్లు పెంచే పద్ధతి ఈ ఊరికి నేర్పిందాన్ని నేను.

కామేశం గారు నడవలో కూర్చుని ఉన్నారు. పెట్టె ముందే తెచ్చి గుమ్మంలో పెట్టారు. పత్రం ఆయన ముందు పెడితే వేలితో వెనక్కి తోశారు.

"మా పెద్దమ్మాయి తోడు ఒంటరిగానే వచ్చిందమ్మా" అన్నారు.

నాకు గుర్తుంది. తూటా నా దగ్గరే కొన్నారు. నేనే ఆయన భుజం సరిచేసి, గురి చూపించాను. ఆయన పెట్టె నా వైపు జరిపారు.

"అన్నీ తీసుకెళ్ళు. ఒక్కటీ మిగల్చకు" అన్నారు ఆయన.

వెళ్ళేది నేనూ, రత్నం. పడవ చేపలవాళ్ళది. పిలవడానికి నోరు రాక దాని గుమ్మంలో నిలబడితే, అదే తెడ్డు తీసుకుని వచ్చింది. ఆ రోజు అన్న మాట గురించి ఏదో చెప్పబోయాను. "పొద్దెక్కిపోతంది, నడక్కా" అంది.

పుష్యమి, బుధవారం, పల్లంలో

పడవ అంచు మీద పుస్తకం పెట్టుకుని రాస్తున్నాను. చేతులు తడిగా ఉన్నాయి.

నిన్నంతా తిరిగాం. మేడలూ, నీళ్ళ ట్యాంకులూ, వాటి చుట్టూ తోడులు. మగవాళ్ళ గొంతులు, బాలింతల గొంతులు, పసిపిల్లలవి. అందరూ అదే మాట. మేం ఇక్కడ బతికినప్పుడు ఎదురింట్లో ఉండే పిల్ల గొంతు గుర్తుపట్టి తల తిప్పుకున్నాను. నూకరత్నం చెవుల్లో దూది పెట్టుకుని తెడ్డు వేసింది.

ప్రతి వీధి మొదట్లో ఒక తూటా పేల్చాను. పేలగానే అన్నీ ఎగిరి నోరు మూస్తాయి. ఆ కాస్తలో ఊపిరి బిగబట్టి వినడం. నీళ్ళ చప్పుడు, అంతే. మళ్ళీ ఒకదాని తర్వాత ఒకటి మొదలుపెడతాయి. ఇంకో వీధి, ఇంకో తూటా. ఒక్కొక్కటి ఒక ఇంటి తిండి గింజలు పలికిన తూటాలు. ఉబ్బినవి కూడా వదలకుండా ప్రయత్నించాను. కొన్ని తుస్సుమన్నాయి.

ఇవాళ పొద్దున్న పెట్టెలో ఒకటే మిగిలింది. బ్యాంకు వీధి చివర మూడంతస్తుల మేడ ఒకటుంది, పై అంతస్తు ఒక్కటే నీళ్ళ పైన ఉంది, కిటికీలన్నీ కూలిన కప్పుతో మూసుకుపోయాయి. అక్కడ పేల్చాను. పాడు నిశ్శబ్దం. ఎంత పిలిచినా, "ఏవండీ" అని గొంతు చించుకుని అరిచినా ఏమీ లేదు. తోడులు మళ్ళీ మొదలుపెట్టాయి.

"అక్కా, ఇంక తూటాల్లేవు" అంది రత్నం.

"తెలుసు."

నేను చీర బిగించి పడవ దిగాను. లోపలికి పోయి చేతుల్తో తడిమి చూడటం తప్ప ఇంకేం మిగిలింది నాకు? కాలికి మెట్టు తగిలింది. ఇంకో మెట్టు. మూడోది లేదు. నీళ్ళు నెత్తి మీద మూసుకున్నాయి. రత్నం జుట్టు పట్టుకుని పైకి లాగేలోపు నా తోడు పైకెగిరి, జన్మలో మొదటిసారి, నా గొంతుతో అరవడం మొదలుపెట్టింది. "ఇక్కడున్నాను, ఇక్కడున్నాను." బయటి నుంచి వింటే నా గొంతు ఎంత భయపడుతూ ఉందో.

పడవ అంచు పట్టుకుని దగ్గుతున్నాను. కిటికీ బారెడు దూరంలోనే ఉంది, విన్నాను. మూసుకుపోయిన ఆ కిటికీ వెనక నుంచి ఆయన గొంతు, బొంగురుగా, చాలా మెల్లిగా. నా తూటాలకి పలకని మనిషి, నా పిలుపుకి పలకని మనిషి, నా తోడు కేకకి పలికారు. ఇన్ని వందల తోడుల్లో ఒక్కదానికీ రాని మాట అది.

"అక్కడ లోతు. దిగకే హైమా."

నేను చెయ్యి చూపించగానే రత్నం చెవుల్లో దూది తీసి నీళ్ళలో పారేసి, పడవ కిటికీ వైపు తిప్పింది.